వయసుతో ఆలోచన, జ్ఞాపకం ఎలా మారతాయి? తరచుగా అడిగే ప్రశ్నలు

జ్ఞాపకశక్తి పరీక్షలు చేసే గదిలో పన్నెండేళ్ళుగా పెద్దవారి ఎదుట కూర్చుంటున్నాను. పరీక్ష అయ్యాక తలుపు దగ్గర ఆగి పిల్లలు అడిగేవీ, పిల్లలు బయటికి వెళ్ళాక పెద్దవారు గొంతు తగ్గించి అడిగేవీ ఏటా అవే ప్రశ్నలు కావడంతో, వాటికి చెప్పే జవాబులను ఇక్కడ ఒకచోట చేర్చాను. ఈ విషయంలో మన ఇళ్ళలో రెండు పొరపాట్లు జరుగుతున్నాయి. పేరు నోటికి రాకపోతే జబ్బేమోనని కుంగిపోతారు. జబ్బు నిజంగా మొదలైనప్పుడు మాత్రం "వయసు మీద పడింది, చాదస్తం" అని వదిలేస్తారు. నేను చూసినంతలో రెండో పొరపాటు వల్లే ఎక్కువ నష్టం జరుగుతోంది.

## నలభై, యాభైలలో వచ్చే సందేహాలు

గదిలోకి వెళ్ళాక ఎందుకు వచ్చానో గుర్తుండటం లేదు. నాకింకా నలభై ఎనిమిదే. ఇది మతిమరుపు జబ్బుకు మొదలా?

ఇదొక్కటే అయితే కాదు. కత్తెర కోసం గదిలోకి నడుస్తున్నప్పుడు మీ మనసు ఆఫీసు పని మీదో, పిల్లల ఫీజు మీదో ఉంటుంది కనుక, కత్తెర సంగతి మెదడులో గట్టిగా నమోదు కాదు. నమోదు కానిదాన్ని తర్వాత ఎంత వెతికినా దొరకదు. తిరిగి వంటింట్లోకి వచ్చి నిలబడగానే గుర్తొచ్చిందంటే పోయింది జ్ఞాపకం కాదు, ధ్యాస. ఈ వయసులో నిద్ర చాలకపోవడం, ఆందోళన, ఒకేసారి నాలుగు పనులు నెత్తిన వేసుకోవడం దీనికి ముఖ్య కారణాలు. గట్టిగా గురక పెడుతూ, నిద్రలో ఊపిరి ఆగినట్టై ఉలిక్కిపడి లేస్తున్నట్లయితే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి, ఎందుకంటే పగటి సంగతులు మెదడులో స్థిరపడటంలో రాత్రి నిద్రది పెద్ద పాత్ర.

నెలసరి ఆగిపోయే దశలో ఉన్నాను. మాట మధ్యలో పదం కోసం తడుముకుంటున్నాను. ఇలాగే ఉండిపోతుందా?

చాలామందిలో ఉండిపోదు. ఈ దశలో హార్మోన్ల హెచ్చుతగ్గులు, ఒంట్లో ఆవిర్లు, వాటివల్ల రాత్రుళ్ళు తెగిపోయే నిద్ర కలిసి ఆలోచనకు మసక పట్టిస్తాయి. ఆ మార్పు దాటాక చాలామంది తేరుకుంటారు. థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు మాత్రం ఈ సమయంలో చేయించుకోవడం మంచిది.

మెదడు ఏ వయసు నుంచి తగ్గడం మొదలవుతుంది?

ఒక్క వయసు చెప్పడం కుదరదు, ఎందుకంటే మెదడు చేసే పనులన్నీ ఒకేసారి తగ్గవు. వేగంగా పోల్చుకోవడం, ఒక లెక్కను మనసులో పట్టుకుని దాని మీద ఇంకో లెక్క చేయడం వంటివి ముప్పైల నుంచే నెమ్మదిగా తగ్గుతూ వస్తాయి. పదసంపద, లోకజ్ఞానం, వృత్తిలో పండిన వివేచన మాత్రం అరవైలలోనూ పెరుగుతూ ఉండవచ్చు. నలభై ఏళ్ళు కిరాణా కొట్టు నడిపిన మనిషికి నోటిలెక్కల వేగం కొడుకు కంటే తగ్గి ఉండవచ్చు గానీ, ఎవరికి అరువు ఇవ్వాలో, ఏ సరుకు ఎప్పుడు తెప్పించాలో కొడుకు ఆయననే అడుగుతాడు. అమెరికాలోని సియాటిల్‌లో వార్నర్ షాయీ 1956లో మొదలుపెట్టి, ఏడేళ్ళకోసారి పరీక్షలు చేస్తూ దశాబ్దాలపాటు సాగించిన అధ్యయనంలో, చాలా సామర్థ్యాలు అరవై వరకు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదని, ఎనభైలలో కూడా అన్ని సామర్థ్యాలూ తగ్గినవారు దాదాపు లేరని తేలింది.

మా నాన్నగారికి అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బు ఉంది. నాకూ రాసిపెట్టి ఉన్నట్టేనా?

రాసిపెట్టి లేదు. డెబ్భై దాటాక వచ్చే అల్జీమర్స్ తండ్రి నుంచి కొడుక్కి ఆస్తిలా సంక్రమించేది కాదు. మిగిలినవారి కంటే మీకు అవకాశం కొంత ఎక్కువ, అంతే. ఏపీఓఈ-4 అనే జన్యురూపం ఆ అవకాశాన్ని పెంచుతుంది గానీ, అది ఉన్నవారందరికీ జబ్బు రాదు, లేనివారికి రాదన్న హామీ కూడా లేదు. నలభైలు, యాభైలలోనే తరతరాలుగా వచ్చే కుటుంబాలు ఉన్నాయి కానీ చాలా అరుదు.

మన చేతిలో ఉన్నది తక్కువేమీ కాదు. ప్రపంచంలోని డిమెన్షియా (రోజువారీ పనులు చేసుకోలేనంతగా ఆలోచన, జ్ఞాపకం దెబ్బతినడం) కేసుల్లో సుమారు 45 శాతం, మార్చుకోగల 14 కారణాలతో ముడిపడి ఉన్నాయని 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక కమిషన్ లెక్కకట్టింది. అది జనాభా మొత్తానికి వేసిన లెక్కే తప్ప ఒక్కొక్కరి జాతకం కాదు. ఆ 14లో చిన్నప్పటి చదువు, వినికిడి, చూపు, రక్తపోటు, షుగరు, చెడు కొవ్వు, పొగ, మద్యం, ఊబకాయం, కదలకుండా కూర్చోవడం, కుంగుబాటు, ఒంటరితనం, తలకు దెబ్బలు, గాలి కాలుష్యం ఉన్నాయి. నలభైలలోనే బీపీ, షుగరు చూపించుకోవడం, బండి ఎక్కితే హెల్మెట్ పెట్టుకోవడం డెబ్భైలలోని మెదడుకు చేసే సాయమే.

## అరవై దాటినవారి సందేహాలు

మనిషి ఎదురుగా నిలబడి ఉంటాడు, ఊరు గుర్తుంటుంది, వాళ్ళ నాన్న ఏం చేసేవాడో గుర్తుంటుంది. పేరు మాత్రం నోట్లోనే నానుతుంది. ఎందుకిలా?

పేరుకు అర్థంతో ముడి ఉండదు కాబట్టి. "పోస్టుమాస్టరు గారబ్బాయి" అనగానే పోస్టాఫీసు, సైకిలు, ఆ వీధి అన్నీ ఒకదాన్నొకటి లాక్కొస్తాయి. ఆయన పేరు సుబ్బారావు అనడానికి మాత్రం ఆ మనిషిలో ఏ ఆనవాలూ ఉండదు. అందువల్ల పేరుకు దారితీసే తోవ మెదడులో సన్నగా ఉంటుంది, వయసుతో ఆ తోవ ఇంకా నెమ్మదిస్తుంది. అరగంట తర్వాత, పేరును వెతకడం మానేసిన క్షణంలో అది దానంతటదే గుర్తొస్తోందంటే పేరు భద్రంగానే ఉంది. ఆ మనిషి ఎవరో, మీకు ఏమవుతారో కూడా తెలియకపోతే, అప్పుడు ఆలోచించాలి.

మా ఆయనకు యాభై ఏళ్ళ కిందటివి పూసగుచ్చినట్టు గుర్తున్నాయి. పొద్దున ఏం తిన్నారో గుర్తులేదు. పాతవి అంత బాగా గుర్తుంటే జబ్బు లేనట్టే కదా?

అలా అనుకోవడానికి వీల్లేదు. నేను ఎక్కువగా వినే అపోహ ఇదే. పదేళ్ళ నుంచి ముప్పై ఏళ్ళ మధ్య జరిగిన సంగతులు అందరికీ ఎక్కువగా గుర్తుంటాయి, ఎందుకంటే అవి మొదటిసారి జరిగినవి, పదేపదే చెప్పుకున్నవి. మెదడులో అవి ఎప్పుడో స్థిరపడిపోయాయి. కొత్త సంగతులను నమోదు చేసే పనిలో హిప్పోకాంపస్ అనే చిన్న భాగం ముఖ్యమైనది, అల్జీమర్స్ సాధారణంగా మొట్టమొదట దెబ్బతీసేవాటిలో అదొకటి. కాబట్టి పెళ్ళినాటి ముచ్చట్లు చక్కగా చెబుతూనే గంట క్రితం వచ్చిన చుట్టం సంగతి పూర్తిగా తుడిచిపెట్టుకుపోవడం జబ్బుకు తొలి గుర్తు కావచ్చు. పొద్దున తిన్నది అడగగానే చెప్పలేకపోయినా, "పెసరట్టు వేశాను కదా" అనగానే "అవునవును, అల్లం ఎక్కువైంది" అన్నారంటే సంగతి నమోదయింది. అంత చెప్పినా "నాకు పెట్టలేదు" అంటుంటే, అదీ తరచుగా జరుగుతుంటే, చూపించాలి.

కొత్త ఫోను ఎన్నిసార్లు నేర్పినా రావడం లేదు. బుద్ధి మందగించిందా?

చాలావరకు నేర్పే పద్ధతిలోనే లోపం ఉంటుంది. మనవడు నాలుగు మెట్లు నాలుగు క్షణాల్లో చూపించి "ఇంతే తాతయ్యా" అంటాడు. ఆ వేగం అందుకోవడం అరవై దాటిన మెదడుకు కష్టం. ఫోను పెద్దవారి చేతిలోనే ఉంచి, వారి వేలితోనే నొక్కిస్తూ, ఒక పూట ఒక్క పనే నేర్పాలి. వారు తమ చేత్తోనే తమ మాటల్లో పుస్తకంలో రాసుకోవాలి. మర్నాడు, మూడో రోజు, వారం తర్వాత మళ్ళీ చేయించాలి. ఇలా నేర్చుకున్నది నిలుస్తుంది. దీనికి భిన్నంగా, పదేళ్ళుగా వాడుతున్న టీవీ రిమోట్‌తో ఏం చేయాలో ఇప్పుడు తెలియకపోతే అది నేర్చుకోవడంలో వచ్చిన ఇబ్బంది కాదు.

బ్యాంకులో ముప్పై ఏళ్ళు పనిచేసిన మనిషి ఫోనులో ఎవడో పోలీసునని చెబితే డబ్బు పంపేశారు. తెలివి తగ్గినట్టేనా?

ఒక్కసారి మోసపోయినంత మాత్రాన అలా నిర్ణయించకూడదు. ఈ ముఠాల చేతిలో పాతికేళ్ళవారూ మోసపోతున్నారు. భయపెట్టి, ఫోను పెట్టనివ్వకుండా, ఆలోచించే వ్యవధి ఇవ్వకుండా చేయడమే వారి పద్ధతి. వయసుతో తగ్గేది వేగం కాబట్టి, తొందరపెట్టినప్పుడు పెద్దవారికి నష్టం ఎక్కువ. అదే మనిషికి ఒక పూట వ్యవధి దొరికితే అనుభవం పనిచేస్తుంది. అందుకని "డబ్బు అడిగిన ఏ ఫోనైనా పెట్టేసి ముందు నాకు చెప్పండి" అన్న ఒక్క కట్టడి ఇంట్లో పెట్టుకోండి, దానిని మీరూ పాటించండి. అయితే కట్టిన బిల్లే మళ్ళీ కట్టడం, ఎప్పుడూ తప్పని లెక్కలు తప్పడం కూడా తోడైతే పరీక్ష అవసరం. డబ్బు వ్యవహారాల్లో తడబాటు జబ్బు తొలి దశల్లోనే కనిపించవచ్చు.

పద్యాలు కంఠస్థం చేస్తే, సుడోకు ఆడితే మతిమరుపు రాదంటారు. నిజమేనా?

ఏది సాధన చేస్తే అందులో ప్రధానంగా మెరుగవుతారు. అష్టావధానంలో పృచ్ఛకులు అడ్డు తగులుతున్నా, మధ్యలో అప్రస్తుత ప్రసంగం సాగుతున్నా, అవధాని పద్యపాదాలను మనసులో నిలుపుకుని చివర ధారణ చేస్తారు. ఆ శక్తికి ఆధారం ఛందస్సు అనే చట్రం, ఏళ్ళ సాధన, అన్నిటికంటే ముందు ఏకాగ్రత. ఆ విద్యకు మన పెద్దలు జ్ఞాపకమని కాక అవధానమని పేరు పెట్టడం నాకు ఎంతో సబబుగా తోస్తుంది. మీరు పద్యాలు చదివితే పద్యాలు గుర్తుంటాయి, మనసుకు పని, ఆనందం కలుగుతాయి. అది జబ్బును అడ్డుకునే కవచమని మాత్రం చెప్పలేను.

నడకకు ఇంతకంటే గట్టి ఆధారాలు ఉన్నాయి. 2011లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో 120 మంది వృద్ధుల్లో సగంమంది ఏడాదిపాటు వారానికి మూడు రోజులు, 40 నిమిషాల వరకు నడిచారు. వారి హిప్పోకాంపస్ పరిమాణం సుమారు 2 శాతం పెరిగింది, నడవకుండా ఒళ్ళు సాగదీసే కసరత్తులు మాత్రమే చేసినవారిలో తగ్గింది.

మన నేల మీదే జరిగిన మరో ముఖ్యమైన పరిశీలన ఉంది. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించి 2013లో ప్రకటించింది. ఒకే భాష మాట్లాడేవారితో పోలిస్తే రెండు అంతకంటే ఎక్కువ భాషలు మాట్లాడేవారిలో జబ్బు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైంది, చదువు రానివారిలోనూ ఆ తేడా కనిపించింది. ఇంట్లో తెలుగు, వీధిలో ఉర్దూ మాట్లాడుతూ బతికిన హైదరాబాదు జనంలో ఇది తేలడం నాకు చాలా ఇష్టమైన విషయం. భాషే జబ్బును ఆపిందని దీనితో రుజువు కాదు గానీ, మాట్లాడే భాషను వదులుకోవద్దని చెప్పడానికి ఇది చాలు.

సరస్వతి ఆకు, బ్రాహ్మి మాత్రలు వాడవచ్చా?

డిమెన్షియాను ఆపుతాయని రుజువు లేదు. జింకో అనే మొక్క సారాన్ని అమెరికాలో 3,000 మందికి పైగా వృద్ధులపై ఏళ్ళ తరబడి పరీక్షించి, జబ్బును అది ఆపలేదని 2008లో ప్రకటించారు. పప్పులో సరస్వతి ఆకు వేసుకోవడానికి అభ్యంతరం లేదు. మాత్రల రూపంలో తీసుకుంటుంటే మాత్రం డాక్టరుకు చెప్పండి, ఇతర మందులతో పొసగకపోవచ్చు.

## అనుమానం వచ్చినప్పుడు

మామూలు మరుపుకూ జబ్బుకూ తేడా ఎలా తెలుస్తుంది?

ఏం మరిచిపోయారన్నదాని కంటే, చేయగలిగిన పని చేయలేకపోతున్నారా అన్నది చూడాలి. ఆవకాయకు ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టారో మరిచిపోవడం మరుపే. నలభై వేసవులు కొలగిన్నెతో పని లేకుండా ఆవపిండి, కారం, ఉప్పు కలిపిన చెయ్యి, ముక్కల ముందు ఆగిపోయి తర్వాత ఏం వేయాలని కోడలిని అడగడం మరుపు కాదు. ఒక కోడలు మాతో చెప్పింది ఇదే: "అత్తయ్యగారు నూనె గిన్నె పట్టుకుని అలా నిలబడిపోయారండీ." ఆ ఇంట్లో మిగిలిన అందరూ అంతకుముందు ఏడాదిగా చూస్తూ చాదస్తమనే అనుకున్నారు.

ఎరిగిన దారిలో తప్పిపోవడం, చెప్పిన మాటే కొద్ది నిమిషాల్లో మళ్ళీ మళ్ళీ చెప్పడం, వస్తువును ఎక్కడో పెట్టి ఎవరో దొంగిలించారనడం, ఎంతో శుభ్రంగా ఉండే మనిషి స్నానం పట్టించుకోకపోవడం కూడా ఇలాంటివే. పక్కింటివారితో పోల్చకండి, ఆ మనిషినే రెండేళ్ళ కిందటి ఆ మనిషితో పోల్చండి. మన దేశంలో 60 దాటినవారిలో సుమారు 7.4 శాతానికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వచ్చిన అంచనా. అంటే నూటికి తొంభైమందికి పైగా లేదు.

డిమెన్షియా, అల్జీమర్స్ ఒకటేనా?

కాదు. రోజువారీ పనులు సొంతంగా చేసుకోలేనంతగా ఆలోచన, జ్ఞాపకం దెబ్బతిన్న స్థితిని డిమెన్షియా అంటారు. దానికి కారణమయ్యే జబ్బుల్లో ఎక్కువగా కనిపించేది అల్జీమర్స్. రక్తనాళాలు మూసుకుపోయి చిన్న చిన్న పక్షవాతాలు రావడం వల్ల కలిగే డిమెన్షియా మన దగ్గర తక్కువేమీ కాదు.

మరుపు మొదలైతే ఇక చేసేదేమీ లేదంటారు. పరీక్షలు ఎందుకు?

సరిచేయగల కారణాలు ఉంటాయి గనుక. బి12 లోపం, థైరాయిడ్ మందగించడం, రక్తంలో సోడియం తగ్గడం, కుంగుబాటు, వినికిడి లోపం మతిమరుపులాగే కనిపిస్తాయి. షుగరుకు మెట్‌ఫార్మిన్, గ్యాసుకు రోజూ మాత్ర ఏళ్ళ తరబడి వాడేవారిలో, శాకాహారుల్లో బి12 తగ్గే అవకాశం ఎక్కువ. పెద్దవయసులో కిందపడితే, పైకి దెబ్బ కనిపించకపోయినా, కొన్ని వారాల తర్వాత పుర్రె లోపల రక్తం గూడుకట్టి మనిషి మందగించవచ్చు. స్కాన్‌లో అది తెలుస్తుంది.

మా అమ్మ విషయంలో రెండు నెలలు నేనే పొరపడ్డాను. పగలంతా మగతగా ఉండేది, పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోయేది. ఒక డాక్టరు వయసు వల్లే అన్నారు, నేనూ నమ్మాను. ఒక సాయంత్రం ఆమె మందుల డబ్బా మంచం మీద గుమ్మరించి చూస్తే, మూడు చోట్ల మూడు చీటీలతో వచ్చిన మాత్రల్లో దురదకు ఇచ్చినదీ, నిద్రకు ఇచ్చినదీ రెండూ మెదడును మందగింపజేసేవే. డాక్టరు సలహాతో వాటిని మెల్లగా తగ్గించిన మూడు వారాలకు, పాలవాడి లెక్క మళ్ళీ ఆమే చూసుకోవడం మొదలుపెట్టింది. నిద్రమాత్రలను మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపవద్దు. డబ్బా మొత్తం సంచిలో వేసుకుని డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళండి.

మొన్నటిదాకా బాగానే ఉన్నారు. రెండు రోజుల్లో మనుషుల్ని గుర్తుపట్టడం లేదు, లేనివి కనిపిస్తున్నాయంటున్నారు. ఇంత త్వరగా వస్తుందా?

ఇంత త్వరగా వచ్చేది చాలావరకు డిమెన్షియా కాదు, డెలీరియం. పాతవారు సంధి ప్రేలాపన అనేవారు. మూత్రంలో ఇన్ఫెక్షన్, న్యుమోనియా, ఒంట్లో నీరు తగ్గడం, సోడియం పడిపోవడం, ఆపరేషన్, కొత్త మందు దీనికి కారణాలు కావచ్చు. రేపు చూద్దామని ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. మూతి వంకరపోవడం, చెయ్యి పడిపోవడం, మాట ముద్దగా రావడం ఉంటే పక్షవాతం. అప్పుడు ప్రతి నిమిషమూ విలువైనదే.

నేను అమెరికాలో ఉంటాను. వారానికోసారి మాట్లాడితే అమ్మ మామూలుగానే ఉంటుంది. చెల్లెలు మాత్రం మారిపోయిందంటోంది. ఎవరి మాట నమ్మాలి?

దగ్గరున్నవారి మాట నమ్మండి. "తిన్నావా నాన్నా, పిల్లలెలా ఉన్నారు, చలి ఎక్కువగా ఉందా" అనే మాటలు ఏళ్ళ అలవాటుతో వచ్చేవి. జ్ఞాపకం బాగా దెబ్బతిన్నాక కూడా ఆ మర్యాద, ఆ ఆప్యాయత చెక్కుచెదరవు. పది నిమిషాల పిలుపులో జబ్బు దాక్కోగలదు. ఈ వారం ఇంటికి ఎవరొచ్చారో, ఏమన్నారో అడిగి, అదే చెల్లెలిని అడిగి సరిచూసుకోండి. ఇంకో సంగతి: అమ్మను మీ దగ్గరికి తెచ్చుకున్నాక మొదటి రోజుల్లో పగలు, రాత్రి తారుమారై తికమకపడటం ప్రయాణ ప్రభావం కావచ్చు. రెండు మూడు వారాలైనా స్నానాలగది ఏదో తెలియకపోతే, సొంత ఇంట్లో అలవాటు కప్పిపుచ్చిన లోపం కొత్త ఇంట్లో బయటపడిందని అర్థం.

మా అమ్మమ్మకు చదువు రాదు. పరీక్షలో తప్పుతుంది కదా?

పరీక్ష ఆమెకు తగినదైతే ఆమె అందులో తప్పదు. మూడు మాటలు చెప్పి కాసేపయ్యాక అడగడం, నిమిషంలో ఎన్ని జంతువుల పేర్లు చెప్పగలరో చూడటం, గడియారం గీయించడం మామూలుగా జరిగేవి. పెన్ను పట్టనివారికి గడియారం బొమ్మ గీయించి మార్కులు తగ్గించడం అన్యాయం. భారత వైద్య పరిశోధన మండలి రూపొందించిన పరీక్షల సంపుటి తెలుగులో కూడా ఉంది, చదువు రానివారికి తగ్గట్టు అందులో మార్పులు చేశారు. ఒకావిడను తారీకు అడిగితే తెలియదన్నారు. రాతలో అది తప్పే. తిథి అడిగాను. "నిన్న ఏకాదశి ఉపవాసం ఉన్నాను, ఇవాళ ద్వాదశి, ఇంకా పారణ కాలేదు, త్వరగా పంపించమ్మా" అన్నారు. ఆమెకు కాలం తెలియకపోవడమేమీ లేదు.

## జబ్బని తేలాక

మందులతో నయమవుతుందా?

అల్జీమర్స్‌ను నయం చేసే మందు లేదు. డోనెపెజిల్, రివాస్టిగ్మిన్, మెమాంటిన్ కొందరికి కొంతకాలం ఊరటనిస్తాయి. అమెరికాలో 2023లో లెకానెమాబ్‌కు, 2024లో డొనానెమాబ్‌కు పూర్తి అనుమతి లభించింది. అవి తొలి దశలోని జబ్బు వేగాన్ని కొంత తగ్గిస్తాయి, ఆపవు. మెదడులో వాపు, రక్తస్రావం కలిగించే ప్రమాదం ఉన్నందువల్ల వాటిని ఇస్తున్నంతకాలం స్కాన్‌లు అవసరం. ఉన్నవి అమ్ముకుని వాటి కోసం పరుగెత్తే ముందు, నాడీ వైద్యునితో నిదానంగా మాట్లాడండి.

నాన్నగారి ఆస్తి, బ్యాంకు పనులు ఎప్పుడు చూసుకోవాలి?

తొలి దశలోనే, ఆయనతో కలిసి కూర్చుని. జబ్బు పేరు రాసినంత మాత్రాన మనిషి వీలునామా రాసే హక్కు పోదు; రాసేటప్పుడు తాను ఏం చేస్తున్నాడో తెలిసే స్థితిలో ఉండాలన్నదే మన చట్టం చూసేది. చాలామందికి తెలియని విషయం ఏమిటంటే, ఆయన ఇచ్చిన పవర్ ఆఫ్ అటార్నీ ఆయన మతిస్థిమితం కోల్పోయాక మన కాంట్రాక్టు చట్టం ప్రకారం చెల్లదు. ఆ తర్వాత కోర్టు ద్వారా సంరక్షకుడిగా నియమింపజేసుకోవలసి రావచ్చు. సలహా, సాయం కోసం వృద్ధుల జాతీయ హెల్ప్‌లైన్ 14567కు ఫోను చేయవచ్చు.

నాన్న పోయి ఆరేళ్ళయింది. "మీ నాన్న ఇంకా రాలేదేం" అని అమ్మ రోజూ సాయంత్రం అడుగుతోంది. నిజం చెప్పాలా?

మొదటిసారి చెప్పి చూస్తారు, ఆమె ఆ క్షణమే విన్నట్టు ఏడుస్తుంది. మర్నాడు ఆ సంగతి గుర్తుండదు, మళ్ళీ అడుగుతుంది, మళ్ళీ చెబితే మళ్ళీ కొత్తగా ఏడుస్తుంది. రోజుకొకసారి ఆమెను ఆ దుఃఖంలోకి నెట్టడం వల్ల ఎవరికీ మేలు లేదు. అలాగని "వచ్చేస్తున్నారు" అని చెప్పి వీధిగుమ్మం వైపు చూస్తూ కూర్చోబెట్టడం కూడా సరికాదు. ఆ ప్రశ్న వెనక ఉన్నది బెంగ, పొద్దువాలే వేళకు అది ఎక్కువవుతుంది. దీపాలు ముందే వెలిగించండి, పక్కన కూర్చోండి, "నాన్న ఆఫీసు నుంచి రాగానే ముందు ఏం అడిగేవారమ్మా?" అని అడగండి. కాఫీ అడిగేవారనీ, చెప్పులు ఎప్పుడూ అడ్డంగా విడిచేవారనీ ఆమె మొదలుపెడుతుంది. ఆ మాటల్లో చాలాసార్లు బెంగ తగ్గుతుంది, అన్నం వేళ అవుతుంది.